తెరియాకి కొలతలు

కాండా, టోక్యో
1962 అక్టోబరు 20

వదినకు మిసావో నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఉన్నది ఒక్కదాన్నే కాబట్టి అందరం క్షేమమన్నట్టే. మా వీధి మళ్ళీ తవ్వారు. ఒలింపిక్ ఆటలకి ఇంకా రెండేళ్ళుంది, తవ్వకం మాత్రం ఇప్పుడే మొదలైంది. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి మళ్ళీ ఉతకాల్సిన బట్టలవుతున్నాయి.

పని పడి రాస్తున్నాను. ఆటలు చూడ్డానికి వచ్చే పరదేశీయుల కోసం మా ప్రచురణ సంస్థ మన వంటల మీద ఇంగ్లీషులో చిన్న పుస్తకం వేస్తోంది. అరవై నాలుగు వంటలు, ఒక్కోదానికి అర పేజీ. మన భాషలో రాసిచ్చే పని నాది. ఇంగ్లీషు చేసే పని హాల్వర్సన్ అనే అమెరికా ఆవిడది. తప్పులు పట్టే పని మా సంపాదకుడు కువబార గారిది. ముగ్గురిలోనూ పని ఎక్కువగా చేస్తున్నది ఆయనే.

నాకు వంట రాదని మీకు తెలుసు. పోయిన అన్నయ్యకీ తెలుసు. కువబార గారికి మాత్రం తెలియదు. చేపల హోటలు నడిపే ఇంటి పిల్లనని ఈ పుస్తకం నాకు అప్పగించారు. నేనూ కాదనలేదు.

అరవై మూడు వంటలూ ఎలాగో లాక్కొచ్చాను. తెరియాకి దగ్గర ఆగింది. ఈ మాట అమెరికా వాళ్ళకి ముందే తెలుసట. సముద్రం దాటి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ చేసి పెట్టారట. ఇప్పుడు అక్కడ కోడికీ తెరియాకే, గొడ్డుమాంసానికీ తెరియాకే, అనాస ముక్కలు కూడా వేస్తారట. సీసాల్లో పోసి అమ్ముతారట. అందుకని హాల్వర్సన్ గారు అసలు తెరియాకి ఏదో, దాని కొలత ఏమిటో చెప్పమంటున్నారు.

నాకు తెలిసిన అసలు తెరియాకి మీ పెనం మీద అయ్యేదే. బురి చేపకి సోయా సాస్ ఎంత, తీపి ఎంత, ఎంతసేపు, ఇవి రాసి పంపండి. చెంచాల లెక్కలో రాయండి. 

మీ ఆడపడుచు
మిసావో


హిమి
అక్టోబరు 29

మిసావోకి,

ఉత్తరం అందింది. కవర్లో కొంచెం దుమ్ము కూడా వచ్చింది.

తెరి అంటే నిగారింపు. యాకి అంటే కాల్చడం. ఇది నీకూ తెలుసు. చెంచాల లెక్క లేదు. సోయా సాస్ పోస్తాను, సాకె అనే బియ్యపు సారా పోస్తాను, మిరిన్ అనే తీపి సారా పోస్తాను. చేతికి ఎంత వస్తే అంత. నిగారింపు వచ్చేదాకా కాలుస్తాను, వచ్చాక దించుతాను. అర పేజీ నిండకపోతే చేప బొమ్మ వేయించు.

ఇక్కడ విశేషాలు లేవు. ఎనిమిది కుర్చీల హోటల్లో విశేషాలు ఎక్కడ పడతాయి. మీ అన్నయ్య చిన్ననాటి నేస్తం గెన్సాకు నాలుగు రోజులు రాలేదు. రోజూ వచ్చే మనిషి రాకపోతే ఆ కుర్చీ మరీ కనిపిస్తుంది. కడుపు బాగాలేదట. చౌక సారా తాగానన్నాడు. అరవై ఆరేళ్ళొచ్చాయి, నలభై ఏళ్ళు సముద్రం మీద వల లాగాడు, ఏది తాగాలో ఇంకా తెలియలేదు.

ఆ ముందు రోజే ఇక్కడ ఏం చేశాడో తెలుసా? వెనిగర్‌లో ఊరేసిన కానాగంత చేపలు వడ్డించాను. తన పళ్ళెంలోవి చాలక, అటుపక్క తపాలా ఆఫీసు గుమాస్తావీ, ఇటుపక్క క్షవరం షాపు ఆవిడవీ లాక్కుని తిన్నాడు. సిగ్గు లేదా అన్నాను. లేదన్నాడు. అలాంటి వాడికి కడుపునొప్పి రాకపోతే ఇంకెవరికి వస్తుంది.

కొత్త సంవత్సరానికి వస్తావా? ఆగస్టులో పెద్దల పండుగకి వచ్చి ఒక్క పూట ఉండి వెళ్ళిపోయావు. పరుపు ఎండలో వేసిన శ్రమ దండగైంది.

షిగెనో


కాండా, టోక్యో
నవంబరు 8

వదినకు నమస్కారాలు.

“చేతికి ఎంత వస్తే అంత” అని మీరు చెప్పినట్టే రాసిచ్చాను. కువబార గారు పక్కన ఎర్ర సిరాతో “ఎవరి చేయి?” అని రాశారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఆయన చేయి చాలా పెద్దది.

పోనీ నేనే చేసి కొలుద్దామని నా గదిలో చిన్న పొయ్యి మీద ప్రయత్నించాను. నిగారింపు వచ్చింది. అది బొగ్గు నిగారింపు అని ఇంటి యజమానురాలు చెప్పింది. పెనం ఆవిడదే.

మీరు నాకు సహాయం చేయాలి. చెంచాలు వద్దంటే వద్దు. కనీసం రుచి చెప్పండి. నాలుక మీద ముందు తీపి తగలాలా, ఉప్పు తగలాలా? మిరిన్ ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వంట గురించి రాసిన ఉత్తరంలో రుచి అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

కొత్త సంవత్సరానికి రావడం కుదరదు. పని ఉంది. పరుపు ఎండలో వేయకండి.

మిసావో


హిమి
నవంబరు 25

మిసావోకి,

మొన్న సముద్రం మీద ఉరిమింది. చలికాలంలో ఉరిమితే బురి లేచిందని అర్థం. నిన్న పొద్దున పడవలు మునిగేంత బరువుతో వచ్చాయి. గెన్సాకు ఒక చేప భుజాన వేసుకుని తెచ్చాడు. పసిపిల్లంత ఉంది. పెట్టిపో అంటే పెట్టి, కూర్చున్నాడు.

నీకోసం ఈసారి చేస్తూ చూశాను. రాసుకో.

ముక్కలకి ఉప్పు చల్లి పక్కన పెడితే నీరు వదులుతాయి. ఆ నీరు తుడిచేయాలి. తుడవకపోతే నిగారింపు రాదు. పెనం మీద ముందు చర్మం వైపు. చప్పుడు గట్టిగా ఉన్నంతసేపు కదపకూడదు. చప్పుడు సన్నగిల్లితే తిప్పు. వదిలిన కొవ్వు గుడ్డతో అద్దేయ్. అప్పుడు సోయా సాస్, సాకె, మిరిన్ కలిపిన పులుసు పోయాలి. మొదట పెద్ద బుడగలు లేస్తాయి. అవి ఏమీ కానట్టు లెక్క. కాసేపటికి బుడగలు చిన్నవై, బద్ధకంగా పగులుతాయి. అప్పుడు పెనం వంచి గరిటెతో తీసి చేప మీద పోస్తూ ఉండాలి. మొదట జారిపోతుంది. తర్వాత నిలుస్తుంది. నిలిచినప్పుడు మీదికి వంగి చూస్తే పైన వేలాడే దీపం అందులో కనిపించాలి. దీపం కనిపిస్తే దించెయ్. నీ ముఖం కనిపించేదాకా ఆగితే మాడుతుంది. నువ్వు అలా చేసి ఉంటావు.

రుచి సంగతి అడిగావు. అది తినేవాళ్ళని అడగాలి. నేను పొయ్యికి ఇవతల ఉంటాను.

మీ అన్నయ్య గరిటె కొస నాకి చూసేవాడు. నాకు ఆ అలవాటు లేదు. నాకు చూపు చాలు.

ఇది అర పేజీ దాటుతుంది. చేప బొమ్మ అక్కర్లేదు.

షిగెనో


కాండా, టోక్యో
డిసెంబరు 12

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. అందరికీ ఆకలేసింది. కువబార గారు మాత్రం “దీపం ఎన్ని వాట్లు?” అని అడిగారు. హాస్యమనుకుని నవ్వాను. హాస్యం కాదు.

పుస్తకం అచ్చుకి పోవాలి. అందుకని నేనే ఒక కొలత వేశాను. సోయా సాస్ మూడు చెంచాలు, మిరిన్ మూడు, సాకె రెండు, చక్కెర ఒకటి. ఆ చక్కెర ఎందుకు వేశానో నాకూ తెలియదు. మూడు, మూడు, రెండు తర్వాత ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది. హాల్వర్సన్ గారు ఆ కొలతతో తమ ఇంట్లో కోడిమాంసం చేసి మమ్మల్ని భోజనానికి పిలిచారు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మూడు ముక్కలు తిన్నాను.

అచ్చు నమూనా ఈ కవర్లో పెట్టాను. కింద “హిమి పట్టణపు మురోయ్ షిగెనో గారి కొలత” అని వేశాం. ఊరు పేరూ మనిషి పేరూ ఉంటే నమ్మకంగా ఉంటుందని కువబార గారన్నారు.

ఇంకో మాట. హాల్వర్సన్ గారూ, కువబార గారూ జనవరి ఇరవయ్యో తారీకున హిమి వస్తామంటున్నారు. మిమ్మల్ని ఫొటో తీస్తారట. తెరియాకి ఒక్కటే కాదు, చారూ, కానాగంతలూ, ఊరగాయలూ అన్నీ వరసగా రుచి చూసి, ఒక్కోదాని గురించి మిమ్మల్ని అడిగి రాసుకుంటారట. మీరు ఒప్పుకుంటారని చెప్పేశాను.

మిసావో


హిమి
డిసెంబరు 20

మిసావోకి,

కాగితం చూశాను. నా పేరు తప్పుల్లేకుండా రాశావు. మిగతాదేదీ నాది కాదు.

నేను చక్కెర వేయను. నీకు అంకెలు వరసగా దిగాలని నా పెనంలో చక్కెర పోశావు. ఆ అమెరికా ఆవిడ కోడికి చేసుకుంటే చేసుకోనీ, నాకేం బాధ లేదు. అత్తారింటికి పోయిన పిల్ల అక్కడి వంటే వండుతుంది, తెరియాకి అన్న మాట కూడా అంతే. కానీ అది నా ఇంటి వంట అని చెప్పడానికి నువ్వెవరు?

వాళ్ళెవరూ ఇక్కడికి రానక్కర్లేదు. జనవరిలో ఇక్కడ మంచు. ఫిబ్రవరిలోనూ మంచే. వేసవిలో ఎండ.

నా పేరు తీసేయించు. మీ అన్నయ్య పేరున్న గుమ్మం తెర కింద నేను అబద్ధం వడ్డించను.

షిగెనో


కాండా, టోక్యో
డిసెంబరు 27

వదినకు,

పేరు తీసేయించాను. తప్పు నాదే. దాని గురించి ఇంక మాట్లాడను.

కానీ మీరు అబద్ధం వడ్డించనన్నారు. మరి ఆగస్టులో నాకు వడ్డించిన మిసో చారు సంగతేమిటి?

ఆరోజే అడగాల్సింది. అడగలేదు. మొదటి గుక్కకే సముద్రంలోంచి ముంచి తెచ్చారేమో అనిపించింది. మీ ముఖంకేసి చూశాను. మీరు ప్రశాంతంగా ముల్లంగి కోస్తున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. మూడేళ్ళ కిందట, అన్నయ్య పోయిన నలభై తొమ్మిదో రోజున, కర్మకి వచ్చిన బంధువులందరి ముందూ నేనో మాటన్నాను. “వదిన చేతికి అన్నయ్య రుచి రాదు, హోటలు అమ్మేద్దాం” అన్నాను. మీరు అప్పుడేమీ అనలేదు. మూడేళ్ళు దాచి చారులో జవాబిచ్చారు.

సరే అనుకున్నాను. నాకు తగిందే. గిన్నె ఖాళీ చేశాను. ఓడిపోవడం ఇష్టం లేక రెండో గిన్నె అడిగి తాగాను. మీరు పోశారు కూడా. తకావొకాలో రైలెక్కింది మొదలు టోక్యోలో దిగేదాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను. ఎదురు సీటు పెద్దమనిషి నాకేదో జబ్బనుకుని చోటు మారాడు.

కొత్త సంవత్సరానికి రాకపోవడానికి కారణం పని కాదు. ఆ చారు. కోపం ఉంటే నోటితో తిట్టండి. మీరు తిడితే పడతాను. అది మాత్రం మళ్ళీ తాగలేను.

మిసావో


కాండా, టోక్యో
1963 జనవరి 29

వదినకు,

మీ దగ్గర నుంచి నెల రోజులుగా ఉత్తరం లేదు. మొదట కోపమనుకున్నాను. ఇప్పుడు పేపర్లో మీ వైపు మంచు ఫొటోలు వేస్తున్నారు. మనుషులు రెండో అంతస్తు కిటికీలోంచి బయటికి వస్తున్నారు. రైళ్ళు మధ్య దారిలో ఆగిపోయాయట. మీరు వద్దన్నా వస్తానన్న కువబార గారి ప్రయాణం కూడా ఆగిపోయింది.

కప్పు మీద మంచు ఎవరు తీస్తున్నారు? మీరు ఎక్కకండి. ఈ కార్డు ఎప్పుడు చేరుతుందో తెలియదు. చేరిన రోజే “ఉన్నాను” అని ఒక్క మాట రాయండి. కోపం అలాగే ఉంచుకుని రాయండి, ఫరవాలేదు.

మిసావో


హిమి
ఫిబ్రవరి 9

మిసావోకి,

ఉన్నాను. ఇవాళే తపాలా సంచులు కదిలాయి.

నీ పెద్ద ఉత్తరం మంచు పడకముందే అందింది. ఇన్నాళ్ళూ అదొక్కటే చదవడానికి ఉంది. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నాను. చారు ఉప్పగా ఉందన్న చోట. మిసావో, అది నాకు తెలియదు.

నిరుడు మార్చిలో జ్వరం వచ్చింది. పది రోజులు పడుకున్నాను. లేచాక అన్నం నోట్లో పెట్టుకుంటే తడి గుడ్డ నమిలినట్టుంది. జ్వరం నోరులే అనుకున్నాను. ఏప్రిల్ వచ్చింది, అలాగే ఉంది. వాసనా లేదు. ముల్లంగి ఊరగాయ జాడీ మూత తీసి తల లోపల పెట్టి చూశాను. చల్లగా ఉంది, అంతే. తకావొకాలో డాక్టరుకి చూపించాను. ఆయన నా నాలుక చూసి మంచి నాలుకన్నాడు. రుచి తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఆ ముక్క మన గెన్సాకు కూడా చెప్పగలడు.

నీకెందుకు చెప్పలేదంటావేమో. ఎలా చెప్పను? నా చేతికి రుచి రాదన్నది నువ్వు. నువ్వన్న మాట నాకు గుర్తే. కానీ అది చారులో కలపలేదు. అంత పనికి మిసో ముద్ద దండగ.

చేతి లెక్క చేతికుంది కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా వేసిన ఉప్పు, ముప్పై ఏళ్ళుగా కలిపిన మిసో. ఎవరూ ఏమీ అనలేదు. గిన్నెలన్నీ ఖాళీగా తిరిగొచ్చేవి. చేయి నమ్మదగిందే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, రుచి తెలియక ఏ పూటకాపూట మనసుకి అనుమానం తగిలేది, ఇంకాస్త వేసేదాన్ని. తెరియాకి ఒక్కటే కళ్ళతో చేసే పని. అది తప్పలేదనుకుంటాను. ఇప్పుడు దాని మీదా నమ్మకం లేదు.

గత వారం గెన్సాకు కప్పు మీద మంచు తీయడానికి వచ్చాడు. దిగాక చారు పోసి ఎదురుగా కూర్చున్నాను. ఎలా ఉందని అడిగాను.

“వేడిగా ఉంది” అన్నాడు.

“ఉప్పు?”

“ఉంది.”

“ఎంత?”

గిన్నె దించాడు. “చెల్లెమ్మా, నేను సముద్రం మీద బతికినవాణ్ణి. నాకేం ఇబ్బంది లేదు” అన్నాడు.

నాకు వాసన తెలియదని చెప్పాను. తెలుసన్నాడు. ఎప్పట్నించి అని అడిగితే, వానాకాలం నించి అన్నాడు. అప్పుడు నాకు అక్టోబరు గుర్తొచ్చింది. ఆ కానాగంతలు ఎలా ఉన్నాయని అడిగాను. బూట్లు తొడుక్కోబోయాడు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. బయట ఎటూ మంచే, ఎక్కడికీ పోలేడు.

అవి పాడైపోయాయట. నోట్లో పెట్టుకోగానే తెలిసిందట. అటు గుమాస్తా చాప్‌స్టిక్స్ చేతిలోకి తీసుకుంటున్నాడు, ఇటు క్షవరం షాపు ఆవిడ పళ్ళెం దగ్గరికి లాక్కుంటోంది. అందుకని రెండూ తను లాక్కుని తినేశాడు. పారేయొచ్చు కదా అన్నాను.

“పారేస్తే నీకు తెలుస్తుంది కదా” అన్నాడు.

నాలుగు రోజులు మంచం మీద లేవలేదట. మూడో రోజున కళ్ళు కూడా సరిగ్గా కనిపించలేదట. నేనేమో తిండిపోతని తిట్టి నీకు ఉత్తరం కూడా రాశాను. మొదటే నాతో ఎందుకు చెప్పలేదు అన్నాను. నువ్వు అడగలేదు అన్నాడు.

మిసావో, ఆ గుమాస్తాకి నలుగురు పిల్లలు. ఆ ముసలాయనది గట్టి ఒళ్ళు కాబట్టి సరిపోయింది. నేను ఇంకోసారి అదృష్టాన్ని నమ్ముకుని చేప కోయలేను. హోటలు మూసేసి గుమ్మం తెర విప్పి మడత పెట్టాను. మంచు తగ్గాక ఎవరైనా కొంటారేమో చూస్తాను. అమ్మేద్దామని నువ్వు ముందే అన్నావు. అప్పుడు వినుంటే ఒక మనిషి నాలుగు రోజులు నొప్పి పడేవాడు కాదు.

షిగెనో


కాండా, టోక్యో
ఫిబ్రవరి 13

వదినకు,

తెర మళ్ళీ కట్టక్కర్లేదు, కానీ అమ్మే మాట ఎవరితోనూ అనకండి. నేను ఇరవయ్యో తారీకున వస్తున్నాను. రెండు వారాలు సెలవు పెట్టాను. కువబార గారు కారణం అడిగారు. చారు తాగడానికని చెప్పాను. కాగితం మీద “కుటుంబ కారణాలు” అని రాసుకున్నారు.

నాకు వంట రాదు. తినడం వచ్చు. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని చెబుతాను. నాకు మర్యాద తక్కువని మన బంధువులంతా అంటారు, అది ఇన్నాళ్ళకి పనికొస్తుంది. మీరు చేసినప్పుడల్లా కొలుస్తాను, రుచి చూస్తాను, సరైన చోట గీత పెడతాను. ఆ గీత దాటకండి. చేపల వాసన సంగతి నా వల్ల కాదు. దానికి గెన్సాకు గారు ఉన్నారు. ఆయన ముక్కుని అడగండి. ఈసారి నోటితో అడగండి, అడగలేదని అనకుండా.

ఇంకో మాట ఉంది. ఎదురుగా అనలేను కాబట్టి రాస్తున్నాను. ఆగస్టులో నేను చారు ఒక్కటే తాగలేదు. మీ తెరియాకి కూడా తిన్నాను. అది అన్నయ్య చేసినదానికన్నా బాగుంది. నాకు ఆరోజే తెలిసింది, నలభై తొమ్మిదో రోజున నేనన్నది తప్పని. చారు మీద కోపం పెట్టుకుంటే ఆ తప్పు ఒప్పుకోనక్కర్లేదని కోపమే పెట్టుకున్నాను. ఆరు నెలలు మోశాను.

పరుపు ఎండలో వేయండి. ఎండ లేకపోతే పొయ్యి పక్కన వేయండి.

మిసావో


హిమి
మార్చి 24

మిసావోకి,

నువ్వు వెళ్ళాక రెండు రోజులు ఇల్లు శుభ్రం చేసుకున్నాను. నువ్వు గోడ మీద, గరిటెల మీద, జాడీల మీద, చివరికి బియ్యం కొలిచే గిన్నె అడుగున కూడా ఎర్ర గీతలు పెట్టావు. వంటిల్లు మీ కువబార గారి కాగితంలా ఉంది. అయినా గీత దాటలేదు. నీ మీద నమ్మకంతో కాదు, చెరపడానికి రాలేదు.

మీ పుస్తకంలో తెరియాకి పేజీ చూశాను. పేరు లేదు, చక్కెర ఉంది. ఉండనీ. వచ్చే ఏడు ఎవరైనా ఆ పుస్తకం పట్టుకుని ఇక్కడికి వస్తే, నాది తినిపించి పంపిస్తాను. ఏది కావాలో వాళ్ళే తేల్చుకుంటారు.

గెన్సాకు రోజూ పొద్దున వలల దగ్గర నుంచి నేరుగా వస్తున్నాడు. చేపల బుట్ట మీద వంగి ఒక్కొక్కటే వాసన చూస్తాడు. బాగుంటే ఏమీ అనడు. బాగాలేకపోతే చేప తోక పట్టుకుని వెళ్ళి పిల్లికి వేస్తాడు. డబ్బు ఇస్తానంటే కోపం వచ్చింది. భోజనం పెడతానంటే పోయింది.

తెర కట్టిన మొదటి రోజు ఎనిమిది కుర్చీలూ నిండాయి. నువ్వు గీసిన గీత వరకే మిసో వేసి చారు పోశాను. అందరూ ఒక గుక్క తాగారు. ఆగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమాస్తా గిన్నెలోకి చూసి, అడుగున ఇంకేమైనా ఉందేమోనని చాప్‌స్టిక్స్‌తో కలిపాడు.

చెప్పేయాలనుకున్నాను. పొయ్యి మీద నుంచి పెనం దించి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని నిలబడ్డాను. ఏడాదిగా నాకు రుచీ వాసనా లేవని చెప్పాను. మీరు ఇన్నాళ్ళూ తాగిన చారు అందుకే అలా ఉందన్నాను. అక్టోబరులో పాడైన చేప పెట్టానని, గుమాస్తా ముఖం చూసి, క్షవరం షాపు ఆవిడ ముఖం చూసి చెప్పాను. వంగి క్షమాపణ అడిగాను. తల ఎత్తేసరికి ఎవరూ నాకేసి చూడటం లేదు. అందరూ గెన్సాకుకేసి చూస్తున్నారు. ఆయన చేప ముల్లు తీసుకుంటున్నాడు.

గుమాస్తా చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. “అయితే హోటలు మూసేస్తున్నారా?” అని అడిగాడు.

“లేదు” అన్నాను.

“ఖచ్చితంగా?”

“ఖచ్చితంగా.”

అప్పుడు చెప్పాడు. మీ అన్నయ్య పోయినప్పుడు నేను మూడు నెలలు తెర కట్టలేదు కదా. ఆ మూడు నెలలూ వీళ్ళు మధ్యాహ్నాలు ఎక్కడికి పోవాలో తెలియక స్టేషను బెంచీల మీద కూర్చుని చల్లన్నం తిన్నారట. చారు బాగాలేదని ఎవరైనా అంటే నేను మళ్ళీ మూసేస్తానని, ఎవరూ నోరెత్తకూడదని తీర్మానించుకున్నారట. తీర్మానం చేసింది గెన్సాకు. క్షవరం షాపు ఆవిడ ఇంటి నుంచి సీసాతో వేడినీళ్ళు తెచ్చుకునేదట, నేను అటు తిరిగినప్పుడు చారులో పోసుకునేదట. అది దగ్గు మందనుకున్నాను నేను.

గెన్సాకు గిన్నె దించి మూతి తుడుచుకున్నాడు. “మూయనంటోంది కాబట్టి చెబుతున్నాను. ఇవాళ చారు చప్పగా ఉంది” అన్నాడు.

నిజమేనన్నాడు గుమాస్తా. ఏడాది పాటు ఆ ఉప్పు తాగి వాళ్ళ నాలుకలు అలా తయారయ్యాయి. నేను ఒక్కదాన్నే రుచి పోగొట్టుకున్నాననుకున్నాను, ఎనిమిది మందివి పోగొట్టాను. ఇంక వాళ్ళ ఫిర్యాదులు ఆగలేదు. ముల్లంగి మందంగా కోస్తున్నానని ఒకరన్నారు. అన్నం పొద్దున వండినది మధ్యాహ్నం పెడుతున్నానని ఇంకొకరు. మూడో కుర్చీ కాలు పొట్టిదట. అది మీ అన్నయ్య కాలం నుంచీ పొట్టిదేనట. క్షవరం షాపు ఆవిడ లేచి నిలబడి, ఉత్తరం కిటికీ సందులోంచి గాలి సరిగ్గా తన మెడ మీదే పడుతోందని, నాలుగేళ్ళుగా చెబుదామనుకుంటున్నానని చెప్పింది.

భోజనాల వేళ దాటిపోయింది. ఒక్కరూ లేవలేదు. నేను పొయ్యి పక్కన నిలబడి అన్నీ విన్నాను. మీ అన్నయ్య పోయాక అంత హాయిగా ఉన్న రోజు ఇంకొకటి లేదు.

రేపు వడ్రంగి వస్తున్నాడు. ముందు కిటికీ చేయిస్తాను, తర్వాత కుర్చీ.

షిగెనో